పెరటి పొయ్యి: బూడిద ఎత్తేది ఎవరు?

నిప్పుల మీద కాల్చుకు తినడం గోదావరి జిల్లాల వారికి ఎవరో వచ్చి నేర్పవలసిన విద్య కాదు. పొయ్యిలో కాల్చిన వంకాయతో పచ్చడి, బొగ్గుల మీద ఎండుచేప, చలికాలంలో తేగలు, వానాకాలంలో మొక్కజొన్న పొత్తులు మన పెరళ్ళకు పాత చుట్టాలే. ఇప్పుడు రాజమండ్రి, కాకినాడ, భీమవరం వైపు మేడల మీదా తోటల్లోనూ ఇనుప బార్బెక్యూ పొయ్యి కూడా వచ్చి చేరుతోంది. అమెరికాలో స్థిరపడిన మనవాళ్ళ పెరళ్ళలో అయితే అది ఎప్పుడో ఇంటి సామానైపోయింది. దాని మీద నాకు కోపమేమీ లేదు. నా పేచీ అంతా విందు అయిన మర్నాటి గురించి. ఊచలకు గడ్డకట్టిన కొవ్వు, అడుగున మంచుకు తడిసిన బూడిద, చుట్టూ చీమల బారులు. అందరూ లేచి వెళ్ళిపోయాక ఆ పొయ్యి ఎవరిది?

ఈ వస్తువు పుట్టుకే గమ్మత్తుగా ఉంటుంది. షికాగో ప్రాంతంలో వెబర్ బ్రదర్స్ అనే లోహపు పనుల కర్మాగారంలో ఉన్న జార్జ్ స్టీఫెన్, 1952లో నీటి మీద తేలే బోయా గోళాన్ని రెండు చెక్కలుగా చేసి, ఒకటి పొయ్యిగా మరొకటి మూతగా అమర్చాడు. గాలికీ వానకూ వంట పాడవకూడదన్నది ఆయన ఉద్దేశం. మూత వంటను కాపాడుతుంది, నిజమే. పొయ్యిని కాపాడవలసింది మాత్రం మనిషే.

అసలు కడగనక్కర లేని పొయ్యి లేదా అంటే, ఉంది. పూర్వపు తూర్పు గోదావరి జిల్లా మన్యంలో, మారేడుమిల్లి దారిలో అమ్మే బొంగులో కోడి చూడండి. పచ్చి వెదురు బొంగే పాత్ర. కూర తీసుకున్నాక బొంగును పారవేస్తారు. తోమే పని లేదు, తుప్పు బాధ లేదు. అడవి పక్కన ఉన్నవారికి ఆ భోగం చెల్లింది. ఇనుము కొన్నవారికి చెల్లదు.

ఇనుముతో కాపురం ఎలా చేయాలో తెలియాలంటే డెల్టాలో ఆత్రేయపురం వెళ్ళాలి. అక్కడి పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు దక్కింది. బోర్లించిన కుండ కింద మంట, పైన పలుచని పిండి తడిపిన గుడ్డ. రేకు చిరగకుండా లేవాలంటే కుండ వీపు అద్దంలా ఉండాలి. అందుకే దాన్ని నూనె గుడ్డతో తుడుస్తూ పదును చేస్తారు. మన ఇళ్ళలో దోసెల పెనానికి సగం కోసిన ఉల్లిపాయతో నూనె రాసేదీ ఇందుకే. వేడి ఇనుము మీద పలుచగా పట్టిన నూనె గట్టిపడి పొరలా నిలుస్తుంది. ఆ పొర ఉన్నంతకాలం ముక్క అంటుకోదు, తుప్పు తొందరగా దగ్గరికి రాదు. గ్రిల్లు ఊచలకూ ఇదే వైద్యం.

తక్కినదంతా మనకు తెలిసిన సంగతులే, పేర్లు మారాయంతే. బూడిదలో క్షారం ఉంటుంది. అది జిడ్డుతో కలిస్తే సబ్బులాంటి గుణం వస్తుంది గనుకనే మన పెద్దవాళ్ళు కొబ్బరి పీచూ బూడిదా పట్టి గిన్నెలు తోమారు. అదే బూడిద తేమ పీల్చి పొయ్యి అడుగునే ఉండిపోతే లోహాన్ని తినేస్తుంది. అల్యూమినియానికి మరీ చెరుపు కనుక ఆ భాగాలను బూడిదతో తోమకూడదు. సముద్రపు గాలి తగిలే కోనసీమలో, కాకినాడలో ఈ పని వాయిదా వేస్తే ఒక్క వానాకాలం చాలు. కొబ్బరి డొక్కల బూడిదలో పొటాషు దండిగా ఉంటుంది. పూర్తిగా చల్లారాక చెట్టు మొదట్లో చల్లితే వృథా పోదు. మంట అందుకోవడానికి రసాయనాలు పోసిన బొగ్గుల బూడిదను మాత్రం మొక్కలకు వేయవద్దు.

తీగ బ్రష్షుల విషయంలో ఒక హెచ్చరిక. వాటి సన్నని తీగలు ఊడి ఊచలకు అంటుకుని, తినే ముక్కతోపాటు గొంతులోకీ పేగుల్లోకీ దిగిన ఆరు ఉదంతాలను అమెరికాలోని వ్యాధి నియంత్రణ కేంద్రం 2012లో ప్రకటించింది. వేడిగా ఉన్నప్పుడు చెక్కతో గీకి, చల్లబడ్డాక కొబ్బరి పీచుతో తోమితే ఆ భయం ఉండదు.

ఇక అసలు మాటకు వస్తాను. మన సంప్రదాయంలో పొయ్యిని శుభ్రం చేయడం వంటకు ముందు మెట్టు. బూడిద ఎత్తి, పేడతో అలికి, ముగ్గు పెట్టి, ఆ తరువాతే నిప్పు. రథసప్తమినాడు పెరట్లో పిడకల మీద పాలు పొంగించే ముందు ఆ చోటు అలకని ఇల్లు అరుదు. ఇదంతా తలుచుకుని పరవశించడం మనకు ఇష్టం. ఆ అలికిన చేతులు ఎవరివో తలుచుకోవడం అంత ఇష్టం కాదు. ఆ పొయ్యి ముందు కూర్చుని గొట్టంతో ఊదినవాళ్ళు, పొగకు కళ్ళు మండినవాళ్ళు అమ్మలూ అమ్మమ్మలూ. 1999లో దీపం పథకం కింద గ్యాసు పొయ్యిలు పల్లెలకు వచ్చినప్పుడు వాళ్ళలో ఎందరో కట్టెల పొయ్యిని సంతోషంగా వదిలించుకున్నారు. కట్టెల రుచి పోయిందని బెంగపడింది ఎక్కువగా తినేవాళ్ళే.

ఇప్పుడు ఆ నిప్పు మరో పేరుతో తిరిగి వచ్చింది. ఈసారి దాని ముందు నిలబడింది మగవాళ్ళు. పట్టకారు చేతబట్టి, నలుగురి మెప్పూ పొందుతూ. మంచిదే. కానీ చాలా ఇళ్ళలో మర్నాటి మసి మాత్రం పాత చేతులకే, లేదా పనిమనిషికే మిగులుతోంది. వండే వంతు మారి, తోమే వంతు మారకపోతే అది మార్పు కాదు, వేడుక.

వండినవాడు అలసిపోతాడు కదా, తోమడం మరొకరు పంచుకుంటే తప్పేమిటని అడగవచ్చు. ఈ పొయ్యి విషయంలో ఆ పంపకం కుదరదు. జిడ్డు సులువుగా ఊడేది చివరి ముక్క దింపిన కాసేపటికే, ఊచలు ఇంకా వేడిగా ఉన్నప్పుడు. అప్పుడు పక్కన ఉండేది వండినవాడే. గీకి, నూనె రాసి రావడానికి పట్టేది పది నిమిషాలు. తెల్లవారితే అదే పని గంట అవుతుంది, అదీ మరొకరి గంట.

కనుక గ్రిల్లు కొనబోయే మిత్రులకు నా మనవి ఒక్కటే. ఎంతమందిని పిలవాలో లెక్క వేసుకునే ముందు, బూడిద ఎత్తేది నేనే అని ఇంట్లో చెప్పండి. ఆ మాట అనలేకపోతే మారేడుమిల్లి వెళ్ళి బొంగులో కోడి తిని రావడం మేలు. అక్కడ ఎవరూ ఏమీ తోమనక్కరలేదు.