నిన్న నడిచిన ఇంజను

పాత కారును ప్రేమించేవారికి ఒక విచిత్రానుభవం తప్పదు. నిన్నటి వరకు దగ్గుతూనో, మూలుగుతూనో నడిచిన ఇంజను, కొత్త పాయింట్లు, కొత్త ప్లగ్గులు వేసిన మరుక్షణం మౌనం వహిస్తుంది. మన దేశంలో ఈ కథ ఎక్కువగా వినిపించేది అంబాసిడర్ కార్ల విషయంలో. పశ్చిమ బెంగాలులోని ఉత్తరపాడాలో వాటి తయారీ 2014లో ఆగిపోయింది. వాటి 1489 సి.సి. పెట్రోలు ఇంజను స్వభావం ఎరిగిన పాత మేస్త్రీలు అరుదవుతున్నారు. కనుక యజమానే కొంత తెలుసుకోవలసిన కాలం వచ్చింది.

ఇలాంటప్పుడు చాలామంది కార్బురేటరు విప్పుతారు. పెట్రోలు పంపును అనుమానిస్తారు. బ్యాటరీ నీరసించేదాకా సెల్ఫ్ కొడతారు. అచ్చుప్రతులు దిద్దేవారికి ఒక సంగతి తెలుసు: కొత్త తప్పు దొర్లేది తరచు దిద్దుబాటు జరిగిన పంక్తిలోనే. ఇంజనుకూ అదే న్యాయం. చివరగా చెయ్యి పడిన చోటనే మొదట వెతకాలి.

మొదటి ప్రశ్న: నిప్పురవ్వ వస్తున్నదా? డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, రోటార్ తిరిగి పెట్టారో లేదో చూడండి. మరచిపోవడం అపూర్వమేమీ కాదు. ఆ తరువాత పాయింట్ల సంగతి. పాయింట్లు మూసుకున్నప్పుడు కాయిల్‌లో విద్యుత్తు ప్రవహిస్తుంది. అవి విడిపోగానే ప్రవాహం తెగి, ఆ తెగిన క్షణంలోనే వేల వోల్టులు పుడతాయి. ప్రవాహం తెగకపోతే రవ్వ లేదు.

ఇక్కడ దోషి తరచు ఒక చిన్న వాషరు. కాయిల్ తీగ, కండెన్సర్ తీగ రెండూ పాయింటు స్ప్రింగును తాకాలి. డిస్ట్రిబ్యూటర్ లోహాన్ని మాత్రం తాకకూడదు. వాటిని వేరుచేసే ఇన్సులేషన్ వాషరు వరుస తప్పితే, పాయింట్లు ఎన్నిసార్లు విడిపోయినా విద్యుత్తు పక్కదారిన పోతూనే ఉంటుంది. కొత్త పాయింట్లపై తుప్పు పట్టకుండా పూసిన నూనెను తుడవకపోయినా రవ్వ రాకపోవచ్చు. పాయింట్ల మధ్య ఎడం 0.38 మి.మీ. ప్రాంతంలో ఉండాలి.

రవ్వ ఉండి కూడా ఇంజను అందుకోక, కార్బురేటరులోంచి టపటపమంటే ప్లగ్గు తీగల వరుసను చూడండి. ఈ ఇంజనుకు అది 1-3-4-2. రోటార్ తిరిగేది అప్రదక్షిణంగా. తీగలను ప్రదక్షిణంగా పేరిస్తే 1, 4 సరిగానే ఉండి, 2, 3 తారుమారవుతాయి. ఇంజను ఆశపెడుతుంది, నడవదు.

మరొక చిక్కు ఉన్నది. ప్రతి పిస్టన్ రెండుసార్లు పైకి వస్తే ఒక్కసారే రవ్వ పడాలి. తాళం తీసివేసి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, రేడియేటరు వైపున ఉన్న ఒకటో ప్లగ్గు విప్పండి. రంధ్రంపై బొటనవేలు పెట్టి, మరొకరిచేత ఇంజనును మెల్లగా తిప్పించండి. గాలి వేలిని నెట్టుతుండగా పుల్లీ మీది గుర్తు సూచిక దగ్గరకు వస్తే అదే సంపీడన దశ. అప్పుడు రోటార్ ఒకటో ప్లగ్గు తీగ వైపు చూడాలి. సరిగ్గా ఎదుటి వైపు చూస్తున్నదంటే, రవ్వ పొగ వెళ్ళే వేళ పడుతున్నదన్నమాట. డిస్ట్రిబ్యూటర్ కొన ఒకే తీరున గాడిలో కూర్చుంటుంది గాని, దాని కింది గేరు తీసి పెట్టినప్పుడు ఈ పొరపాటు జరుగుతుంది.

రెండు హెచ్చరికలు. టైమింగ్ తప్పిన ఇంజనును హ్యాండిల్‌తో స్టార్టు చేయబోతే అది ఎదురుతన్ని మణికట్టు విరగవచ్చు. కార్బురేటరు మంట కక్కవచ్చు గనుక పెట్రోలు కారిన చోట ఏ పరీక్షా చేయరాదు.

ఇకమీదట తీగలు ఊడదీసే ముందే వాటికి అంకెలు వేయండి. ఒక భాగం మార్చి, ఇంజను నడిపి చూసి, ఆపైన రెండవదానిని ముట్టుకోండి. తీసిన పాత కండెన్సరును పారవేయకండి. కొత్తదన్న ఒక్క కారణాన ఏ భాగమూ మంచిది కాదు. పాతది కనీసం నిన్నటిదాకా పనిచేసింది.