అంటువ్యాధి విధివ్రాత కాదు

2009వ సంవత్సరం అక్టోబరు మాసపు తొలి దినాలలో తుంగభద్ర పొంగి అలంపురాన్ని ముంచెత్తిన సంగతిని ఈ ప్రాంతం వారెవరూ మరువజాలరు. అప్పటికి మేము డిగ్రీ తరగతులలో ఉన్న విద్యార్థులము. నీరు ఊరిలోనికి వచ్చిన నాడు నవబ్రహ్మ ఆలయాల వద్ద నివసించేవారు, షా అలీ పహిల్వాన్ దర్గా వద్ద నివసించేవారు ఒకే దారిని పట్టి, ఒకే మిట్టకు చేరుకున్నారు. ఆవలి ఒడ్డున కర్నూలు నగరం నీట మునిగింది. ఎగువన రాజోలిలో చేనేత కుటుంబాలు మగ్గాలతో సహా సర్వస్వం కోల్పోయాయి.

నీరు తీసిన తరువాత మా అబ్బాజాన్ అన్న మాట నేటికీ మా చెవులలో ఉన్నది. “బేటా, వరద ఒక్క రాత్రి పని. అది విడిచిపోయిన బురద నెల దినాల పని” అన్నారు. ఆ మాటలోని సత్యం త్వరలోనే తెలిసివచ్చింది. బావులలో ఒండ్రుమట్టి నిండింది. మరుగుదొడ్ల గుంతలకు, మంచినీటి గుంతలకు భేదం లేకపోయింది. చచ్చిన పశువుల దుర్గంధం వీధులను ఆవరించింది. మా వీధిలో ఒక పసిబిడ్డకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. పెద్దలు తమలో తాము “గత్తర” అని గొణుగుకున్నారు. ఆ పదం పైకి అంటే వ్యాధి ఇంట అడుగుపెడుతుందని మన పల్లెలలో పూర్వంనుంచి ఉన్న భయం. శిబిరానికి వచ్చిన ఒక నర్సమ్మ రాత్రంతా కూర్చుండి ఉప్పు, చక్కెర కలిపిన నీటిని చెంచాతో పట్టించింది. తెల్లవారేసరికి బిడ్డ కన్ను తెరచింది.

ఆ బిడ్డ బ్రతకడానికి కారణమేమి? మందు గొప్పదే, నర్సమ్మ ఓర్పు అంతకంటె గొప్పది. కాని ఆమె మా వీధికి రాగలిగింది. బ్లీచింగు పొడి బస్తాలు రాగలిగాయి. మంచినీటి ట్యాంకరు రాగలిగింది. దారిలో వారిపై ఎవరూ బాంబులు వేయలేదు. ఈ చివరి సంగతి ఎంత ముఖ్యమైనదో మాకు ఆనాడు తోచలేదు. పదునైదేండ్ల తరువాత, 2024లో, గాజా వార్తలు చదువుతున్నప్పుడు తోచింది.

పాలస్తీనాలోని గాజా ప్రాంతంలో 2023 అక్టోబరులో ఆరంభమైన యుద్ధం మూలంగా సుమారు 19 లక్షల మంది, అనగా ప్రతి పదిమందిలో తొమ్మిదిమంది, ఇల్లు విడిచి గుడారాలకు, పాఠశాలల గదులకు చేరవలసి వచ్చింది. మురుగునీటిని శుద్ధి చేసే కేంద్రాలు నిలిచిపోయాయి. పంపులను నడిపే ఇంధనం కరువైంది. గుడారాల నడుమ మురుగు పారింది. ఫలితమేమిటో వైద్యశాస్త్రం చదువని వారు సైతం ఊహించగలరు. కలుషితమైన నీటి ద్వారా, ఆహారం ద్వారా వ్యాపించే ఒక రకపు కామెర్ల వ్యాధి యుద్ధారంభంనుండి దాదాపు 40 వేలమందికి సోకినదని ఐక్యరాజ్యసమితి శరణార్థి సహాయ సంస్థ 2024 ఆగస్టులో ప్రకటించింది. యుద్ధానికి ముందు అంతే కాలంలో కనబడిన కేసులు కేవలం 85. ఈ రెండు అంకెలను ప్రక్కప్రక్కన వ్రాసికొని చూడవలసిందిగా మా విద్యార్థులను కోరుతున్నాము. మనుషులు వారే, నేల అదే. మారినది నీరు, మారినది మురుగు.

ఇంతకంటె భయంకరమైన వార్త అదే సంవత్సరం జూలైలో వచ్చింది. ఖాన్ యూనిస్, దైర్ అల్ బలహ్ పట్టణాల మురుగునీటిలో పోలియో క్రిమి కనబడింది. ఆగస్టులో పది నెలల పసివానికి కాలు చచ్చుబడింది. గాజాలో పాతికేండ్ల తరువాత వచ్చిన మొదటి పోలియో కేసు అది. యుద్ధానికి ముందు అక్కడ నూటికి తొంబదితొమ్మిది మంది పిల్లలకు పోలియో మందు అందుతూ ఉండేదన్న విషయం ఇక్కడ గమనించదగినది. ఆ తల్లిదండ్రులు అజ్ఞానులు కారు, అశ్రద్ధ చేసినవారూ కారు.

ఈ క్రిమి ఎటువంటిదో కొంచెం వివరించవలసి ఉన్నది. నోటిలో వేసే పోలియో చుక్కలలో బలహీనపరచిన క్రిమి ఉంటుంది. అది బిడ్డ ప్రేగులలో కొంతకాలం ఉండి, రోగనిరోధక శక్తిని కలిగించి, మలంతోపాటు బయటికి పోతుంది. పిల్లలందరికీ మందు అందిన ఊరిలో దానివల్ల హాని లేదు. మందు అందని పిల్లలు ఎక్కువగా ఉండి, మురుగు బయట పారేచోట మాత్రం అది ఒకరినుండి ఒకరికి ప్రాకుతూ, మార్పు చెందుతూ, పోయిన బలాన్ని తిరిగి పుంజుకొంటుంది. గాజాలో బయటపడినది ఈ జాతికి చెందిన రెండవ రకపు క్రిమి.

ఇది ఎక్కడో దూరదేశపు ముచ్చట అనుకొనేవారికి మన రాజధానిలోని సంగతి ఒకటి జ్ఞాపకం చేస్తాము. 2016 జూన్‌లో హైదరాబాదు అంబర్‌పేటలోని మురుగునీటి నమూనాలో ఇదే రెండవ రకపు పోలియో క్రిమి, మందునుండి పుట్టినదే, కనబడింది. మన దేశంలో సహజ (వైల్డ్) పోలియో క్రిమి వలన వచ్చిన చివరి కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లోని హావ్‌డాలో నమోదైంది. 2014 మార్చిలో మన ప్రాంతం పోలియో రహితమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపత్రం ఇచ్చింది. అయినను మన ప్రభుత్వం ‘ఒక్క బిడ్డకూ జబ్బు రాలేదు గదా’ అని ఊరకుండలేదు. వార్త వెలువడిన వారం రోజుల లోపుగానే, జూన్ 20వ తేదీన, హైదరాబాదు, రంగారెడ్డి జిల్లాలలో సుమారు 3 లక్షలమంది పిల్లలకు సూదిమందు వేయించే కార్యక్రమం ఆరంభమైంది. మంచుపెట్టెలు, వాహనాలు, నర్సులు, కరెంటు, రోడ్లు అన్నీ సిద్ధంగా ఉన్నాయి. ఏ బిడ్డకూ కాలు పోలేదు.

గాజాలో క్రిమి బయటపడిన తరువాత మందు వేయడం మొదలగుటకు దాదాపు ఆరు వారాలు పట్టింది. సెప్టెంబరు 1న, రోజుకు కొన్ని గంటలపాటు కాల్పులు ఆపుదామన్న అంగీకారం కుదిరిన మీదట, చుక్కలు వేయగలిగారు. తొలి విడతలోనే పదేండ్ల లోపు పిల్లలు 5 లక్షల 50 వేలకు పైగా చుక్కలు వేసుకున్నారు. తల్లులు పిల్లలను చంకన వేసుకొని, శిథిలాల మధ్య నడచివచ్చి వరుసలలో నిలిచారు. క్రిమి ఒక్కటే, మందు ఉన్నది, మందు వేయించుకొనే మనసు ఉన్నది. లేనిది శాంతి ఒక్కటే. అంబర్‌పేటకు, దైర్ అల్ బలహ్‌కు నడుమగల భేదమంతా ఆ ఒక్క మాటలో ఉన్నది.

అందుచేతనే అంటువ్యాధిని విధివ్రాత అనడం న్యాయం కాదని మేము అంటున్నాము. మన సమాజంలో ఆపద వచ్చినపుడు “తఖ్దీర్” అని చేతులు కట్టుకొని కూర్చొనేవారు కొందరు ఉన్నారు. వారు చరిత్రను ఒకసారి తెరచిచూడవలెను. పాలస్తీనాలోనే రమ్లాకు, జెరూసలేముకు నడుమ అమ్వాస్ అనే ఊరు ఉండేది. క్రీస్తు శకం 639 ప్రాంతంలో అక్కడ పుట్టిన మహమ్మారి సిరియా దేశమంతటా వ్యాపించి, సేనాపతి అబూ ఉబైదా వంటి మహనీయుని పొట్టనపెట్టుకున్నది. ఆ ప్రాంతానికి బయలుదేరిన ఖలీఫా హజ్రత్ ఉమర్ గారు వార్త విని, సహచరులతో ఆలోచించి, మార్గమధ్యంనుండి వెనుదిరిగారు. దైవ నిర్ణయంనుండి పారిపోతున్నారా అని ఒకరు ఆక్షేపించగా, తాము ఒక దైవ నిర్ణయంనుండి మరొక దైవ నిర్ణయంవైపే పోతున్నామని భావం వచ్చేటట్లు బదులు చెప్పారు. వ్యాధి ఉన్న ఊరిలోనికి పోరాదని, అందులో ఉన్నవారు దానిని విడిచి పారిపోరాదని ప్రవక్త వారి బోధ ఉండనే ఉన్నది. తరువాత అధికారం చేపట్టిన అమ్ర్ బిన్ ఆస్ గారు ప్రజలను కొండలమీదికి చెదరిపొమ్మని ఆజ్ఞాపించగా వ్యాధి శాంతించినదని చరిత్రకారులు వ్రాశారు. మనుష్య ప్రయత్నం విశ్వాసానికి విరోధి కాదనడానికి ఇంతకంటె నిదర్శనం ఏమి కావలెను?

ఇక్కడ రెండు ఆక్షేపణలు వినవస్తాయి. ‘మన ఊరి మోరీలే పారడంలేదు, గాజా గొడవ మనకెందుకు?’ అన్నది మొదటిది. ‘అంతటి అన్యాయం జరుగుతుంటే, మోరీల ముచ్చట ఎందుకు?’ అన్నది రెండవది. రెండింటికీ సమాధానం ఒక్కటే అని మా అభిప్రాయం. 1971లో తూర్పు బెంగాల్‌నుండి లక్షలాది శరణార్థులు మన దేశంలోనికి వచ్చినపుడు బన్‌గావ్ శిబిరంలో కలరా విజృంభించింది. నరంలోనికి ఎక్కించే సెలైను నిలువలు అడుగంటాయి. డాక్టర్ దిలీప్ మహలనాబిస్ గారు ఉప్పు, గ్లూకోజు, వంటసోడా నీటిలో కలిపి రోగులచేత త్రాగించారు. నూటికి ముప్పదిగా ఉన్న మరణాలు నాలుగుకంటె తగ్గిపోయాయి. మహలనాబిస్ గారు 2022లో కన్నుమూయగా మరుసటి ఏడు మన ప్రభుత్వం ఆయనకు పద్మవిభూషణ్ ప్రకటించింది. పరదేశపు శరణార్థి ప్రాణం నిలుపుటకు కలిపిన ఆ నీరే, 2009లో మా వీధి బిడ్డకు ప్రాణం పోసింది. పరుల కొరకు చేసిన పని మన ఇంటికి తిరిగిరావడమంటే ఇదే గదా!

న్యాయం మాట కూడ స్పష్టంగా చెప్పవలెను. 1949 నాటి నాలుగవ జెనీవా ఒప్పందంలోని 56వ అధికరణం ప్రకారం, ఆక్రమిత భూమిలో ప్రజారోగ్యాన్ని కాపాడడం, అంటువ్యాధులు ప్రబలకుండ చర్యలు తీసుకొనడం ఆక్రమించిన రాజ్యం బాధ్యత. ఆ ఒప్పందాన్ని అంగీకరించిన దేశాలలో మనది ఒకటి. కనుక మంచినీరు, మందులు, మురుగు పంపులకు ఇంధనం అడగడం భిక్ష అడగడం కాదు, ఒప్పుకొన్న బాధ్యతను నెరవేర్చమని అడగడం. ఈ మాట అనడానికి ఎవరినీ ద్వేషించనక్కరలేదు.

ఇక మన వైపు లోపం. కొన్ని సంవత్సరాల క్రిందట ఒక పోలియో ఆదివారంనాడు మేము విద్యార్థులతో కలసి ఇల్లిల్లు తిరుగుతున్నాము. ఒక ఇంటిలో వృద్ధురాలు తలుపు సగం తెరచి, “ఆ చుక్కలు వేస్తే పిల్లలు పుట్టరంట బేటా, మాకొద్దు” అన్నది. మాకు కోపం వచ్చిన మాట నిజం. మాతో ఉన్న రెండవ సంవత్సరపు విద్యార్థిని ముందుకు వచ్చి, “ఖాలా, నేను చిన్నప్పుడు ప్రతి సంవత్సరం వేసుకున్నాను. నా అక్కకు ఇద్దరు పిల్లలు. వాళ్లకూ వేయించాం” అని మెల్లగా చెప్పి, అక్కడే కూర్చున్నది. ఇరువది నిమిషాల తరువాత ఆ అవ్వ తానే మనుమరాలిని ఎత్తుకొచ్చింది. ఉత్తరప్రదేశ్‌లోనూ ఇటువంటి వదంతి కారణంగానే 2002 ప్రాంతంలో పోలియో మరల ప్రబలింది. మస్జిదుల ఇమాములు, అలీగఢ్, జామియా మిల్లియా విశ్వవిద్యాలయాలవారు పూనుకొని ఇంటింటికీ నచ్చజెప్పిన తరువాత గాని అది తొలగలేదు. గాజా తల్లి బాంబుల నడుమ నడచివచ్చి వేయించిన చుక్కలను, ఇంటి గడపకు వచ్చినపుడు మనము కాదనడం ఎంత విచారకరం!

కావున మా విద్యార్థినీ విద్యార్థులకు మేము చేసే విన్నపం ఇది. పాలస్తీనా బిడ్డలకొరకు దుఆ చేయండి, వారి పక్షాన మాట్లాడండి, చేతనైనంత చందా నమ్మదగిన సంస్థలకు ఇవ్వండి. అంతటితో ఆగక, మీ వాడలో టీకాలు పడని పిల్లలెందరో జాబితా వ్రాయండి. వర్షాకాలం రాకముందే మంచినీటి గొట్టం మోరీలోనుండి పోయేచోట్లను గుర్తించి పంచాయతీవారికి అర్జీ పెట్టండి. నీరు కాచి త్రాగడం, ఉప్పు చక్కెర నీరు కలపడం మీ అమ్మగారికి, ఇరుగుపొరుగువారికి నేర్పండి. తుంగభద్ర మరల పొంగదని ఎవరు చెప్పగలరు? ఆనాడు మన వీధిలోనికి నర్సమ్మ రావడానికి దారి ఉంటుంది. ఆమె వచ్చేసరికి మన చేతిలో శుభ్రమైన నీరు ఉండేటట్లు చూచుకోవడం మన వంతు.