ఆటను పరీక్షించే యంత్రం

కొత్త వంటకాన్ని వడ్డించే ముందు రుచి చూసినట్లే, వీడియో ఆటను విడుదలకు ముందు కొందరిచేత ఆడించి చూస్తారు. ఆట ఎక్కడ ఆగిపోతున్నది, ఎక్కడ విసుగు పుట్టిస్తున్నది అనే విషయాలు అప్పుడే తెలియాలి. ఈ పని ఇప్పుడు కొంతవరకు కృత్రిమ మేధ చేతికి వచ్చింది.

2012లో వచ్చిన 'క్యాండీ క్రష్ సాగా' ఆటలో మిఠాయి బొమ్మలను జరిపి, ఒకే రకానివి మూడింటిని వరుసలో చేర్చాలి. అందులో లెవెళ్లు వేలసంఖ్యలో ఉన్నాయి. ప్రతి లెవెల్‌నూ మనుషులచేత పదేపదే ఆడించడం సామాన్యమైన పని కాదు. అందుచేత ఆ ఆటను తయారుచేసిన కింగ్ సంస్థ పరిశోధకులు 2018లో ఒక పద్ధతిని ప్రకటించారు. ఆటగాళ్లు ఏ సందర్భంలో ఏ మిఠాయిని జరిపారో ఆ వివరాలను యంత్రానికి నేర్పారు. అది గొప్ప ఎత్తు వేయదు. మామూలు మనిషి వేసే ఎత్తునే వేస్తుంది. రాబోయే ఎత్తులను అనేకవిధాల లెక్కకట్టే పద్ధతికంటె ఇదే లెవెల్ కష్టాన్ని సరిగా అంచనా వేసింది. సమయమూ చాలా తక్కువ పట్టింది. మనిషిలాగా తడబడే యంత్రమే మంచి పరీక్షకుడైందన్నమాట!

అయితే కష్టాన్ని కొలవడం వేరు, ఆనందాన్ని కొలవడం వేరు. 2016లో ఓపెన్ ఏఐ సంస్థవారు 'కోస్ట్ రన్నర్స్' అనే పడవ పందెపు ఆటను యంత్రానికి అప్పగించి, పాయింట్లు సంపాదించడమే దాని పనిగా పెట్టారు. అది పందెం మాట మరచి, ఒక మడుగులో గుండ్రంగా తిరుగుతూ, మళ్లీమళ్లీ వచ్చే మూడు గుర్తులనే కొడుతూ ఉండిపోయింది. పడవకు నిప్పంటుకొన్నా, ఇతర పడవలను ఢీకొన్నా దానికి పట్టలేదు. గమ్యం చేరకుండానే మనుషులకంటె సగటున 20 శాతం ఎక్కువ పాయింట్లు తెచ్చుకొన్నది. అదే ఒక పిల్లవాడైతే పది చుట్లు తిరిగేసరికి "ఇదేమి ఆట!" అని లేచిపోయేవాడు. తయారీదారులకు కావలసిన సమాచారం ఆ లేచిపోవడంలోనే ఉన్నది. (ఆటలోని లోపాన్ని యంత్రమే బయటపెట్టింది, దానిని లోపమని గుర్తించింది మాత్రం మనుషులు.)

గోడలను ఢీకొని చూడటం, లెక్కలేనన్ని సార్లు ఆడటం వంటి పనులను యంత్రానికి విడిచిపెట్టడం న్యాయమే. ఆ పేరుతో మనుషులను పూర్తిగా తొలగించడం మాత్రం తగదు. మిఠాయిల యంత్రానికి తెలిసినది వాటి అమరిక మాత్రమే. తెరమీది సూచనలను అది చదవదు. ఇంగ్లీషు రాని తెలుగు పిల్లవాడు ఆ సూచన దగ్గరే ఆగిపోతాడు. వేలు తెరమీద ఉంచి, పక్కనున్న అన్న ముఖంలోకి చూస్తాడు.