ఆంగ్ల వర్ణక్రమ సంస్కరణము

తెలుగు బాలుడు గుణింతములు నేర్చినచో క్రొత్త మాటనైనను చదువగలడు. ఆంగ్లము నేర్చువారికి ఆ సౌలభ్యము లేదు. 'నైఫ్' అను మాటకు మొదట, పలుకని 'కె' అక్షరమును వ్రాయవలెను. పూర్వమది పలుకబడెడిది, ఉచ్చారణము మారినను వ్రాత మారలేదు.

ఈ చిక్కును సవరింపవలెనని పలువురు యత్నించిరి. అమెరికాలో నోవా వెబ్‌స్టరు 1828లో ప్రకటించిన నిఘంటువున 'కలర్', 'ఆనర్' మున్నగు మాటలలోని 'యు'ను తొలగించెను. ఆ మార్పు నేటికిని అచట నిలిచియున్నది. 1906లో ఆ దేశాధ్యక్షుడు థియోడోర్ రూజ్‌వెల్టు, ప్రభుత్వ ప్రచురణలలో 300 మాటలను ఒక్కసారిగా క్రొత్త వ్రాతలో ముద్రింప నాజ్ఞాపించెను. వానిలో అనేకము అప్పటికే వాడుకలో నున్నవే! అయినను పత్రికలు పరిహసించినవి, ప్రతినిధుల సభ నిరాకరించినది. సంవత్సరము ముగియకముందే ఆజ్ఞ రద్దయ్యెను. పెద్దలు తాము శ్రమించి నేర్చినదానిని ఆజ్ఞలకు లొంగి విడువరు. ఆ భారము మాత్రము పిల్లలపై పడుచున్నది.

అట్లని పలుకని అక్షరములన్నియు వ్యర్థములని నేననను. 'సైన్' అను మాటలో మూగయైన 'జి', 'సిగ్నేచర్' అనునపుడు పలుకును; ఆ రెండు మాటల చుట్టరికమును అది చూపుచున్నది. దానిని ఉంచవలసినదే. ముందుగా తొలగింపదగినది 'ఐలండ్'లోని 'ఎస్' వంటిది. అది లాటిను భాషపై గౌరవముచే తరువాతి కాలమున చొప్పింపబడినదే గాని, ఆ మాటలో ఎవరును ఎన్నడును పలికినది కాదు.