వినతిపత్రం వేరు, పరిశోధన వేరు

మా తిరువూరు అమ్మాయి ఒకతె హైదరాబాదులో పట్టణ అధ్యయనాల్లో ఎం.ఏ. చదువుతోంది. చివరి సంవత్సరంలో సమర్పించవలసిన పరిశోధన వ్యాసానికి ముందుగా ఒక ప్రతిపాదన రాసింది. దాని శీర్షిక 'తిరువూరు ముస్లింల సామాజిక, ఆర్థిక, విద్యా స్థితిగతులు'. ఇది ఒక విద్యార్థి చేయగల పని కాదని, విషయాన్ని కుదించమని మార్గదర్శకులు తిప్పి పంపారు. సెలవులకు ఊరు వచ్చినప్పుడు ఆ కాగితాలు మా చేతిలో పెట్టి, "చాచా, మనవాళ్ళ గురించి రాస్తానంటే ఎవరికీ గిట్టడం లేదు" అని వాపోయింది.

కాగితాలు రెండుసార్లు చదివాము. మార్గదర్శకుల మాటే సరైనదని ఆమెకు చెప్పడం మాకు కష్టమైంది, కానీ చెప్పాము. దేశంలోని ముస్లింల స్థితిగతులను తేల్చడానికి జస్టిస్ రాజిందర్ సచార్ అధ్యక్షతన ఏడుగురు సభ్యుల సంఘం 2005 మార్చి నుంచి 2006 నవంబరు వరకు పనిచేసింది. అనేక కేంద్ర శాఖలు దానికి లెక్కలు అందించాయి. ఈ అమ్మాయి చేతిలో ఉన్నది మూడు నెలల వ్యవధి, ఒక నోటు పుస్తకం, బస్సు చార్జీలు.

ఆమె రాసిన ప్రతిపాదన నిజానికి ఒక వినతిపత్రం. ఆ సంగతి మాకు చప్పున తెలిసింది, ఎందుకంటే ముప్పై ఏళ్ళకు పైగా గుమాస్తాగా పనిచేసి అటువంటివి వేలల్లో చూశాము. 'వందలాది కుటుంబాలు నీళ్ళు లేక అల్లాడుతున్నాయి' అని ఉండేది. అధికారి మార్జిన్‌లో 'ఎన్ని?' అని రాసేవారు. జవాబు వచ్చేది కాదు, ఫైలు బీరువాలోకి పోయేది. పదవీ విరమణ చేశాక మన పేటల కోసం మేము రాసిన విన్నపాల్లోనూ అదే 'వందలాది' ఉంది. సిగ్గుపడుతూనే ఒప్పుకుంటున్నాము.

కనుక మొదట ప్రశ్నను చిన్నది చేయమన్నాము. రెండు రోజుల వాదన తరువాత తేలినది ఇది: తిరువూరులో అద్దెకు ఉండే ముస్లిం కుటుంబాలకు ఇల్లు ఎలా దొరుకుతోంది, దొరికిన చోటు వల్ల పిల్లల బడికి, పనికి, నీటికి ఎంత దూరం పెరుగుతోంది?

లెక్కలు జనాభా గణనలో ఉంటాయి కదా అని కొందరు అడిగారు. ఉండవు. 2011 గణనలో మతాల వారీ సంఖ్య జిల్లాకు, మండలానికి, పట్టణానికి దొరుకుతుంది. వార్డు స్థాయి పట్టికల్లో షెడ్యూల్డ్ కులాలు, తెగల సంఖ్య ఉంటుంది గాని మతం ఉండదు. ఆ తరువాత జరగవలసిన 2021 గణన వాయిదా పడుతూ వచ్చింది. ఈలోగా మా ఊరు పంచాయతీ నుంచి నగర పంచాయతీ అయింది, 2022లో ఎన్టీఆర్ జిల్లాలో చేరింది. పాత పట్టికలతో నేటి వీధిని చూడలేము. సామ్ ఆషర్, పాల్ నోవోసాద్ తదితర ఆర్థికవేత్తలు దేశంలో 15 లక్షల ఆవాసాలను పరిశీలించి, ముస్లింలు ఎక్కువగా ఉన్న చోట్ల బడులు, ఆసుపత్రుల వంటి ప్రభుత్వ సౌకర్యాలు తక్కువని చూపారు. నగరం మొత్తాన్ని ఒకటిగా లెక్కిస్తే దాగిపోయే ఈ తేడా, పేట వరకు దిగితేనే బయటపడింది.

అయితే ఆ పరిశోధకులు ముస్లింలను గుర్తించింది పేర్లను బట్టి. మా ప్రాంతంలో ఇక్కడే చిక్కు. దూదేకుల, నూర్‌బాషా కుటుంబాల్లో హిందూ పేర్లున్న పెద్దలు ఎందరో ఉన్నారు. ఓటర్ల జాబితా ముందేసుకుని పేర్లు ఏరితే వారంతా జారిపోతారు. ఇంటి గడప తొక్కి అడగడమే మార్గం. ప్రతిపాదనలో ఈ ఒక్క పేరా చేరాక, క్షేత్ర పరిశోధన ఎందుకు అవసరమో వేరే చెప్పవలసిన పని లేకపోయింది.

అసలు గొడవ తరువాత వచ్చింది. అవే వీధుల్లో అద్దెకుండే దళిత, ఇతర హిందూ కుటుంబాలను కూడా ఇవే ప్రశ్నలు అడగాలని అమ్మాయి రాసుకుంది. పెద్దల్లో కొందరు ఇందుకు ఒప్పుకోలేదు. మన బాధ చెప్పమంటే వాళ్ళ ఊసెందుకన్నారు. మేము అమ్మాయి పక్షాన నిలిచాము. ఇల్లు దొరకనిది మతం వల్లనా, పేదరికం వల్లనా అని రేపు ఎవరైనా అడిగితే, పోల్చి చూడకుండా జవాబెక్కడిది? దళిత కుటుంబానికీ అదే తలుపు మూసుకుంటే ఆ సంగతీ రాయవలసిందే. మనలోనే ఇంటి యజమాని దూదేకుల కుటుంబానికి ఇల్లివ్వడానికి నసిగితే, అది మరీ రాయవలసింది. ఈ చివరి మాటకు ఒక మిత్రుడు లేచి వెళ్ళిపోయాడు.

అమెరికాలో నల్లజాతి మేధావి డుబోయిస్ 1896లో ఫిలడెల్ఫియా ఏడో వార్డులో ఇల్లిల్లూ తిరిగి తనవారి బతుకును లెక్కగట్టాడు. 1899లో ఆ పుస్తకం వెలువడింది. వివక్షను ఎంత నిక్కచ్చిగా రాశాడో, తన పేటలోని నేరాలను, అంతస్తుల తేడాలను అంత నిక్కచ్చిగానే రాశాడు. ఇన్నేళ్ళ తరువాత కూడా దాన్ని చదువుతున్నారంటే అందుకే.

ప్రశ్నావళిలో 'ముస్లింలని మీకు ఇల్లు నిరాకరించారా?' అని ఉంది. అవును అనిపించుకునే ప్రశ్న అది. దాన్ని కొట్టివేసి, 'గత ఐదేళ్ళలో ఎన్ని ఇళ్ళు చూశారు? ఇవ్వనివారు ఏ కారణం చెప్పారు? చివరికి ఎవరి మాట మీద దొరికింది?' అని మార్పించాము. ఇంగ్లీషులో రాసుకున్న ప్రశ్నలను మన ఇళ్ళలో మాట్లాడే ఉర్దూ కలిసిన తెలుగులోకి మార్చి, నాలుగు ఇళ్ళలో అడిగి చూడమన్నాము. పగలు ఆడవారే ఉంటారు గనుక ఆమె ఆడపిల్ల కావడం కలిసివచ్చే సంగతే.

గోప్యత విషయంలో మాత్రం ఆమే మాకు పాఠం చెప్పింది. పేర్లు రాయకపోతే చాలుననుకున్నాము. "చాచా, మసీదు వెనుక వీధిలో కుట్టుమిషను మీద బతికే వితంతువు అని రాస్తే ఊళ్ళో ఎవరికి తెలియదు?" అన్నది. ఆ ఇంటి యజమానికీ తెలుస్తుంది. మరునెల ఇల్లు ఖాళీ చేయమంటాడు. అందువల్ల వీధి, వృత్తి, కుటుంబ వివరాలు మార్చి రాయడం, మూల పుస్తకాన్ని ఎవరికీ చూపకపోవడం ప్రతిపాదనలో చేరాయి. మాక్కూడా చూపదట. మంచిదే.

2019-20లో పౌరసత్వ రికార్డుల భయంతో సర్వేకు వచ్చిన వారిని జనం అనేక చోట్ల నిలదీశారు. ఆ బెదురు ఇంకా పోలేదు. నోటు పుస్తకంతో ఎవరు వచ్చినా 'ఎవరు పంపారు?' అంటారు. జుమా రోజున మసీదులో ఒక్క ప్రకటన చేయిస్తే సగం తలుపులు తెరుచుకుంటాయి. కాని ఆ ప్రకటనలోనే, ఇష్టం లేనివారు జవాబు చెప్పనక్కరలేదని కూడా చెప్పాలి. లేకుంటే పెద్దల మాట కాదనలేక చెప్పిన జవాబులే మిగులుతాయి.

సవరించిన ప్రతిపాదన మొన్ననే వెళ్ళింది. ఆమోదం వస్తే రంజాన్ ముగిశాక పని మొదలవుతుంది. బస్సు చార్జీలకు, ప్రశ్నావళి ప్రతులకు మేము కొందరం తలా కొంత వేసుకున్నాము. లేచి వెళ్ళిపోయిన మిత్రుడు నిన్న సాయంత్రం కబురు పంపాడు. తనకు రెండు అద్దె ఇళ్ళున్నాయట. యజమానులను కూడా అడుగుతుందేమో కనుక్కోమన్నాడు. అడుగుతుందని చెప్పాము.