నాలుగేళ్ల జవానుతో బ్రిగేడ్ నిలబడదు

ఈ వారం ఒక టీవీ చర్చలో గంటసేపు ‘రుద్ర’ బ్రిగేడ్ల గురించి ఊదరగొట్టారు. తెర నిండా టాంకులు, డ్రోన్లు, రాకెట్లు. వాటిని నడిపే మనిషి ఊసు ఒక్కసారీ ఎత్తలేదు. ఒళ్లు మండిపోయింది.

2025 జులై 26న ద్రాస్‌లో సైన్యాధిపతి జనరల్ ఉపేంద్ర ద్వివేది ప్రకటించిన ఈ ఏర్పాటు మంచిదే. ఎప్పుడో రావాల్సింది. మన మామూలు పదాతి బ్రిగేడ్ అంటే మూడు బెటాలియన్లు, మూడు వేల పైచిలుకు జవాన్లు, వారిపైన ఒక బ్రిగేడియర్. టాంకులు ఒకచోట, ఫిరంగులు మరోచోట ఉంటాయి. యుద్ధం ముంచుకొచ్చాక తెచ్చి జతచేస్తారు. పార్లమెంటుపై దాడి తర్వాత మన ప్రధాన దాడి దళాలు సరిహద్దు చేరడానికి దాదాపు మూడు వారాలు పట్టింది. రుద్రలో పదాతిదళం, టాంకులు, ఫిరంగులు, డ్రోన్లు, ప్రత్యేక బలగాలు, సరఫరా విభాగం అన్నీ ముందునుంచే ఒక్క గొడుగు కింద ఉంటాయి.

అలా ఉంచకపోతే ఏమవుతుందో 1962లోనే చూశాం. నామ్కా చూ వాగు ఒడ్డున బ్రిగేడియర్ జాన్ దాల్వీ కింద ఏడో బ్రిగేడ్ ఉందని ఢిల్లీ మ్యాపుల్లో గీశారు. అక్కడున్నవి వేరేవేరే చోట్ల నుంచి హడావుడిగా తరలించిన బెటాలియన్లు. హిమాలయాల చలిలో పలచని నూలు దుస్తులు, తలా యాభై తూటాలు. అక్టోబర్ 20 తెల్లవారుజామున చైనా ఫిరంగులు మోగగానే టెలిఫోన్ తీగలు తెగాయి. తన బెటాలియన్లతో బ్రిగేడియర్‌కు మాటే లేకుండా పోయింది. కొన్ని గంటల్లో అంతా అయిపోయింది. రెండు రోజులకు దాల్వీ శత్రువుకు చిక్కారు. ఆ జవాన్ల తెగువకు వంక పెట్టగలవాడు లేడు. వాళ్లను అలా పంపినవాళ్లను మాత్రం నేను క్షమించలేను.

అయితే అన్నిటినీ ఒక్కచోట చేరిస్తే చాలదు, వాటిని నడిపే మనుషులూ ఒక్కటవ్వాలి. మూత మూసుకున్న టాంకులో ఉన్నవాళ్లకు బయటి లోకం చిన్న అద్దాల గుండానే కనిపిస్తుంది. పక్క గట్టు చాటున రాకెట్ పట్టుకుని కూర్చున్నవాణ్ణి చూసి రేడియోలో హెచ్చరించాల్సింది నేల మీద నడిచే జవాను. పదాతి కంపెనీతో పాటు కొండెక్కే ఆర్టిలరీ అధికారి, గుండు ఎక్కడ పడిందో చూసి ‘ఎడమకు వంద, ముందుకు యాభై’ అని వెనకున్న ఫిరంగులకు చెబుతాడు. ఆ లెక్క కాస్త తప్పినా గుండు మనవాళ్ల నెత్తినే పడుతుంది. 1999లో తోలోలింగ్ మన చేతికొచ్చింది ఫిరంగులూ పదాతిదళమూ ఇలా ఒక్కటై కదిలాకే. ఒకరి గొంతు ఒకరు ఆనవాలు పట్టాలంటే ఏళ్ల తరబడి ఒకే మెస్‌లో తినాలి, ఒకే మైదానంలో బురద పూసుకోవాలి.

మరి జవాన్లను చేర్చుకునే అగ్నిపథ్ పథకం చేస్తున్నదేమిటి? శిక్షణతో కలిపి నాలుగేళ్లు. తర్వాత వందలో ఇరవై ఐదుగురిని ఉంచుకుని మిగతావారిని ఇంటికి పంపడం. ఒక చేత్తో బ్రిగేడ్‌ను కలుపుతూ, ఇంకో చేత్తో అందులోని మనుషుల్ని విడదీస్తున్నారు. టాంకు నడిపే చేతికి పనితనం వచ్చేసరికి గడువు దగ్గరపడుతుంది.

2025 మేలో నియంత్రణ రేఖ వద్ద ప్రాణమిచ్చిన మురళీ నాయక్ ఆ పథకం కింద చేరిన అగ్నివీరుడే. శ్రీ సత్యసాయి జిల్లా కల్లితండా బిడ్డ. అంత్యక్రియలకు నాయకులంతా వచ్చారు, కెమెరాలూ వచ్చాయి. మామూలు సైనికుడి కుటుంబానికి దక్కే పింఛను మాత్రం అగ్నివీరుడి కుటుంబానికి దక్కదు. పరిహారం ఎంతిచ్చినా పింఛనుకు సాటి కాదు. ఊరేగింపు ముగిశాక ఆ తండా వైపు ఎన్ని చానళ్లు మళ్లీ వెళ్లాయి?

లోక్‌సభలో మన రెండు రాష్ట్రాలకు నలభై రెండు మంది ఎంపీలున్నారు. ఆ ఇరవై ఐదు శాతాన్ని పెంచమని, అమరుడైన అగ్నివీరుడి ఇంటికి పింఛను ఇమ్మని వారు సభలో అడగాలి. మీ ఎంపీ అడిగాడో లేదో, పాఠకులారా, మీరు అడగండి.