మందు ఇచ్చే చేయి

ఎప్పటిలాగే ఈ పోస్టూ పొడుగైంది. కాఫీ పక్కన పెట్టుకుని ఓపిగ్గా చదవండి. వచ్చే ఆదివారం సర్వసభ్య సమావేశంలో చెయ్యెత్తే ముందు ఇది చదివి రావాలని మా కోరిక.

సంగతి మీలో చాలామందికి ఇప్పటికే చేరింది. మన విద్యా సహాయ నిధికి ఈ ఏడాది వచ్చిన దరఖాస్తుల్లో ఒకటి హోటల్ మేనేజ్‌మెంట్ డిగ్రీ పూర్తిచేసిన అబ్బాయిది. బార్‌టెండర్ పనిలో ఆరు నెలల శిక్షణ తీసుకుంటానని, ఫీజుకు 40,000 రూపాయలు కావాలని అడిగాడు. దానంగా కాదు, అప్పుగా. కార్యవర్గంలో దరఖాస్తు చదివాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడారు. సంఘం డబ్బుతో మందు పోయడం నేర్పిస్తామా అని ఒకరు. రేపు వధూవరుల పరిచయ పుస్తకంలో ఈ అబ్బాయి ఉద్యోగం ఏమని అచ్చు వేస్తామని ఇంకొకరు. చివరికి విషయం సర్వసభ్య సమావేశానికి వచ్చింది.

మేము ఇవ్వాలనే పక్షం. తాగుడు మంచిదని వాదించడానికి మాత్రం కాదు. ఎందుకు ఇవ్వాలంటున్నామో వివరంగా చెప్తాం.

ఈ పనే ఎందుకు ఎంచుకున్నావని అడిగితే అబ్బాయి మొదట చెప్పిన జవాబుకు కార్యవర్గమంతా నవ్వింది. కాలేజీలో ఉన్నప్పుడు ఒక జపాను బొమ్మల కథ చూశాడట. మేమూ నవ్వినవాళ్లమే. ఇంటికి వెళ్లాక ఆ కథేమిటో వెతికి చూశాం. దాని పేరే ‘బార్‌టెండర్’. అరాకి జో రాయగా నగతొమొ కెంజి బొమ్మలు వేశాడు. 2004 నుంచి 2011 వరకు ‘సూపర్ జంప్’ అనే పత్రికలో ధారావాహికగా వచ్చింది. 2006లో ఒకసారి, 2024లో మళ్లీ ఒకసారి టీవీకి యానిమేషన్‌గా తీశారు.

కథానాయకుడు ససకురా ర్యూ. ఫ్రాన్సులో పని నేర్చుకుని టోక్యోకు తిరిగివచ్చి, గింజా ప్రాంతంలో ఈడెన్ హాల్ అనే చిన్న బారులో నిలబడతాడు. కథలన్నీ ఇంచుమించు ఒకే తీరులో నడుస్తాయి. ఎవరో ఒకరు బరువైన మనసుతో తలుపు తోసుకుని వస్తారు. ఉద్యోగంలో దెబ్బ తిన్నవాడు, తండ్రితో మాటలు తెగిపోయినవాడు, తనమీద తనకే నమ్మకం పోయినవాడు. ర్యూ ఎక్కువ మాట్లాడడు. మనిషి నడకా, చేతులూ, గ్లాసు పట్టుకున్న తీరూ చూస్తాడు. ఆ మనిషికి ఆ రోజు ఏది సరిపోతుందో అది కలిపి ముందు పెడతాడు. ఆ కాక్‌టెయిల్ వెనక ఏదో ఒక పాత కథ ఉంటుంది. ఆ కథ వింటూ వచ్చినవాడు తన ముడి తానే విప్పుకుంటాడు. జనం ఆ గ్లాసుకు ‘దేవుడి గ్లాసు’ అని పేరు పెట్టారు.

ఆ కథలో రెండు సంగతులు మాకు బాగా పట్టుకున్నాయి. మొదటిది పేరు మీద వాళ్లు చేసిన చమత్కారం. బారు అంటే పిట్ట వాలే కొమ్మ, టెండర్ అంటే మెత్తని మనసు అని విడదీసుకుంటారు. అలసిన పిట్ట కాసేపు వాలే మెత్తని కొమ్మ అన్నమాట. రెండోది, మనిషిని ఎన్నడూ మోసం చెయ్యకూడని వృత్తుల్లో వైద్యుడి పక్కనే బార్‌టెండర్‌నీ నిలబెడతారు. ఇద్దరూ ఇచ్చేది కొలత తప్పితే విషం, కుదిరితే ఔషధం.

ఈ రెండో మాట జపానువాళ్లు వివరించి చెప్పాల్సి వచ్చింది. మనకు ఆ అవసరం లేదు, మన భాషలోనే ఉంది. ‘మందు’ అంటే జ్వరానికి వేసుకునేదీ మందే, సాయంత్రం కొట్టేదీ మందే. రెండింటికీ ఒకే మాట పెట్టుకున్న మనం, ఒకటి ఇచ్చేవాడికి దండం పెడతాం, రెండోది ఇచ్చేవాడి ఊసెత్తితేనే మొహం తిప్పుకుంటాం.

నిజానికి కొన్ని కలయికలకు ఆ రెండు అర్థాలూ ఉన్నాయి. జిన్‌లో నిమ్మరసం కలిపే గిమ్లెట్‌కు ఓడల చరిత్ర ఉంది. నెలల తరబడి సముద్రం మీద ఉండే నావికులకు చిగుళ్లు చెడిపోయే స్కర్వీ జబ్బు వచ్చేది. నిమ్మజాతి పండ్ల రసం దాన్ని ఆపేది. 1867లో బ్రిటన్ తన వాణిజ్య ఓడల్లో ఆ రసం ఇవ్వడం చట్టంతో తప్పనిసరి చేసింది. జిన్‌లో టానిక్ నీళ్లు కలపడం మన దేశంలో ఉన్న తెల్లవాళ్ల అలవాటు. ఆ టానిక్‌లో ఉండేది మలేరియాకు వాడే క్వినైన్. దాని చేదు మింగలేక జిన్, చక్కెర, నిమ్మ కలుపుకున్నారు.

అలాగని ఇవాళ ఎవరైనా ఆరోగ్యం కోసం తాగుతున్నామంటే మేము నమ్మం. ఆరోగ్యానికి ఏ మోతాదూ సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది. బాధలో ఉన్నవాడికి మద్యం ఒక గంట ఊరట ఇచ్చి, ఆ తర్వాత బాధను ఇంకా పెంచుతుంది. ఇది దాచిపెట్టి వాదిస్తే మా వాదం నిలబడదు.

అబ్బాయి దరఖాస్తుకు గట్టిగా అడ్డుపడింది మన మహిళా విభాగంలోని ఒక పెద్దావిడ. ఆమె అనుమతితోనే ఇది రాస్తున్నాం. ఆమె భర్త తాగుడుతో పోయి ఇరవై ఐదేళ్లు దాటింది. “మీరందరూ కథలు చెప్తున్నారు. నేను కాపురం చేశాను” అంది. ఆ తర్వాత చాలాసేపు ఎవరికీ నోరు పెగల్లేదు.

ఆమె ఒక్కతే కాదు. మనలో చాలామంది పెద్దలది నెల్లూరు, చిత్తూరు వైపు. 1937లో రాజాజీ ప్రభుత్వం సేలం జిల్లాలో మద్యనిషేధం మొదలుపెట్టి, మరుసటేడు చిత్తూరు, కడప జిల్లాలకు పొడిగించింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు అక్షరాలు నేర్చుకుంటూ నేర్చుకుంటూ లేచి ఊళ్లో సారాయి కొట్టు మూయించారు. ఆ నిప్పే రాష్ట్రమంతా అంటుకుని 1993లో సారాయి నిషేధానికి, 1995లో సంపూర్ణ నిషేధానికి దారితీసింది. 1997లో నిషేధం సడలింది. ఆడవాళ్ల కన్నీళ్లు మాత్రం చట్టం వచ్చినప్పుడు మొదలవలేదు, పోయినప్పుడు ఆగలేదు. అలాంటి నేల నుంచి వచ్చిన మనకు ఈ దరఖాస్తు చూస్తే గుండె కలుక్కుమనడం తప్పు కాదు.

కానీ ఆమె చెప్పిన మాటల్లోనే మాకు జవాబు కనిపించింది. ఆయన తాగింది బారులో కాదు. కటకటాల కిటికీలోంచి సీసా అందుకుని, అక్కడే గోడ పక్కన నిలబడి గొంతులో పోసుకుని వచ్చేవాడు. “పదకొండేళ్లు అదే కొట్టు. ఒక్కరోజు కూడా ఆ లోపలివాడు ఈయన మొహం చూడలేదు. డబ్బు చెయ్యీ, సీసా చెయ్యీ, అంతే” అంది ఆమె.

ఇప్పుడు అబ్బాయి రెండో జవాబు వినండి. ఇది విన్నాక ఎవరూ నవ్వలేదు. డిగ్రీ చివరి ఏడాది ఒక హోటల్లో శిక్షణకు వెళ్లినప్పుడు బారు కౌంటరులో ఒక సీనియర్ కింద పెట్టారట. వరసగా కొన్ని రోజులు ఒకాయన టై కట్టుకుని ఒంటరిగా వచ్చేవాడు. ఒకరోజు రెండు పెగ్గులు అయ్యాక మూడోది అడిగాడు. సీనియర్ లేదనలేదు. అదే రకం గ్లాసు తీసి, పెద్ద ఐసుగడ్డ వేసి, అల్లం రసం, నిమ్మ, తేనె, సోడా కొలిచి కలిపి, అంతే మర్యాదగా ముందు పెట్టాడు. అందులో చుక్క మద్యం లేదు. ఆయనకు తెలిసింది, ఏమీ అనలేదు. కాసేపటికి తానే చెప్పాడట. ఉద్యోగం పోయి పన్నెండు రోజులైంది, ఇంట్లో తెలియదు, రోజూ పొద్దున టై కట్టుకుని బయల్దేరుతున్నాడు.

సీనియర్ ఒక్క సలహా ఇవ్వలేదు. “రోజూ ఇంటికి ఎన్నింటికి వెళ్తారు సార్?” అని మాత్రం అరవంలో అడిగాడు. ఎనిమిదింటికి అన్నాడాయన. “ఇప్పుడు ఏడున్నర” అన్నాడు సీనియర్. ఆయన గ్లాసు పూర్తిచేసి, బయటికి వెళ్లి, మెట్ల మీదే నిలబడి భార్యకు ఫోన్ చేశాడు. మా అబ్బాయి అద్దంలోంచి చూశాడట. “నాకు ఆ పని నేర్చుకోవాలని ఉంది” అన్నాడు. ఆయన తర్వాత ఏమయ్యాడో ఈ అబ్బాయికి తెలియదు. మళ్లీ ఆ బారుకు మాత్రం రాలేదు.

మేము చెప్పదలచుకున్నది ఇదే. ఓదార్చింది గ్లాసులోది కాదు, గ్లాసు ఇచ్చిన చేయి. ఎదుటి మనిషి మొహం చూసే చేయి ఎంత పోయాలో తెలుసుకుంటుంది, ఎప్పుడు ఆపాలో కూడా తెలుసుకుంటుంది. మొహం చూడని చేయి పోస్తూనే ఉంటుంది. తాగేవాళ్లు మన ఊళ్లో ఉన్నారు, మన ఇళ్లలోనూ ఉన్నారు. వాళ్ల ముందు ఎలాంటి చేయి ఉండాలన్నది ఒక్కటే మన చేతిలో ఉన్న ప్రశ్న.

ఇది పనితనం కాదనుకునేవాళ్లకు ఒక మాట. శ్రీరామనవమికి పానకం కలిపే ఇల్లాలికి తెలుసు. బెల్లం ఎంత, మిరియం ఎంత, శొంఠి ఎంత, ఏలకులు ఎప్పుడు వెయ్యాలన్నది ఒక లెక్క. బార్‌టెండర్‌దీ ఆ లెక్కే. చిన్న పెగ్గు 30 మిల్లీలీటర్లు, పెద్దది 60. పులుపుకు తీపి తూగాలి. పెద్ద ఐసుగడ్డ మెల్లగా కరుగుతుంది, చిన్న ముక్కలు తొందరగా నీళ్లయి రుచి చంపుతాయి. జపానులో మిజువారి అని ఒకటుంది. ఏమీ లేదు, విస్కీలో ఐసు, నీళ్లు. దానికే అక్కడివాళ్లు అంత శ్రద్ధ పెడతారు. నీళ్లు కలపడానికి కూడా శ్రద్ధ కావాలని తెలిసిన దేశం అది.

ఇంకో వైపు నుంచీ చూద్దాం. 1935లో అమెరికాలో ఇద్దరు తాగుబోతులు ఒకరి కష్టం ఒకరు విన్నారు. ఆల్కహాలిక్స్ అనానిమస్ అలా పుట్టింది. అక్కడ సీసా లేదు, వినే మనిషి ఉన్నాడు. మన చెన్నైలోనే శాంతి రంగనాథన్ గారు తాగుడు వల్ల భర్తను పోగొట్టుకుని, ఆ దుఃఖంతోనే 1980లో టీటీకే ఆసుపత్రికి నాంది పలికారు. తాగుబోతును తిట్టకుండా రోగిగా చూసి, ఇంటివాళ్లనూ కూర్చోబెట్టి మాట్లాడే చోటు అది. 1986లో మొదలైన స్నేహ సంస్థలో బతుకు మీద విరక్తి పుట్టినవాళ్ల మాట వినడానికి స్వచ్ఛందంగా మనుషులు కూర్చుంటారు. కేంద్ర ప్రభుత్వం 2022లో పెట్టిన టెలీ మానస్ నంబరు 14416. ఫోన్లో రాసిపెట్టుకోండి. బారులో ఆ సీనియర్ చేసిందీ, వీళ్లు చేస్తున్నదీ ఒకే జాతి పని. ఒకటి మరోదానికి బదులు మాత్రం కాదు. మంచి బార్‌టెండర్ తాను వైద్యుణ్ని కానని తెలిసినవాడు.

కార్యవర్గంలో ఆ రోజు చివర్లో పెద్దావిడే అబ్బాయిని అడిగింది.

“ఇంటికి నడవలేని స్థితిలో వచ్చి ఇంకో గ్లాసు అడిగితే ఏం చేస్తావురా?”

“పొయ్యను పెద్దమ్మా. నీళ్లిస్తాను. తినడానికి ఏదైనా పెడతాను. ఆటో పిలుస్తాను.”

“మీ మేనేజరు పొయ్యమంటే?”

అబ్బాయి వెంటనే జవాబు చెప్పలేకపోయాడు. తర్వాత “అప్పుడు నాకు ఈ అప్పు తీర్చడం కష్టమవుతుంది పెద్దమ్మా” అన్నాడు.

ఆ జవాబు మాకు నచ్చింది. అయితే అందులో ఒక హెచ్చరిక కూడా ఉంది. ఒప్పుకున్న కొలతకు నిలబడాలంటే ఈ ఉద్యోగంలో వెన్నెముక కావాలి. మన సాయం ఫీజుకు మాత్రమే సరిపోదు. అందుకే మా ప్రతిపాదన ఇది. 40,000 అప్పు ఇద్దాం. ఉద్యోగం వచ్చిన ఏడాది నుంచి వాయిదాల్లో కట్టాలి. పొయ్యనన్నందుకు ఎప్పుడైనా ఉద్యోగం పోతే, మళ్లీ పని దొరికేదాకా వాయిదా అడగకూడదు. ఈ షరతు తీర్మానంలో రాతపూర్వకంగా ఉండాలి.

పరిచయ పుస్తకం సంగతంటారా, తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారని మనకు తెలుసు. అనేవాళ్లు అంటారు. ఆ అబ్బాయి ఉద్యోగం ‘బార్‌టెండర్’ అనే అచ్చు వేద్దాం. హోటల్ ఉద్యోగి అని మెత్తగా దాచడం మాకు ఇష్టం లేదు. మనమే దాచిన పనిని ఊరు గౌరవించదు.

పెద్దావిడ తన ఓటు ఎటో ఇంకా చెప్పలేదు. ఆమె వద్దంటే ఆ వద్దుకు మేము తల వంచుతాం, వాదించం. ఆమె మాట వినకుండా మాత్రం ఎవరూ చెయ్యెత్తవద్దు. ఆదివారం ఉదయం పది గంటలకు మన సంఘం హాలులో. కాఫీ ఉంటుంది. కాస్త ముందుగా వచ్చి, ఈ మధ్య ఎవరితోనూ మాట్లాడకుండా చివరి వరసలో కూర్చుని వెళ్లిపోతున్నవాళ్ల పక్కన కూర్చోండి.